పన్నెండు రోజుల ముందుసీటు

మే 28.
ఉతికిన దుప్పట్లు ఆరు. దులిపిన సంచులు నాలుగు. తోమిన ఫ్లాస్కులు రెండు. కారులో ఊడ్చిన ఇసుక ఒక చేటెడు. ఇంత చేసినా కోపం తగ్గలేదు కాబట్టి ఈ ఉత్తరం.

వదినగారికి నమస్కారాలు.

ఫోను చేస్తే "సరిగ్గా వినపడట్లేదమ్మా" అంటారు. కాగితం దగ్గర ఆ వీలు లేదు.

కొండల్లో తిరిగింది పన్నెండు రోజులు. ముందుసీట్లో మీరు పన్నెండు, నేను సున్నా. పెళ్లైన ఇరవై రెండేళ్లకి కుదిరిన ప్రయాణం నాకు. ఒళ్లో గిన్నెల బుట్ట, పక్కన పరుపుచుట్ట, ఎదురుగా మీ కొప్పు. నేను చూసిన శిఖరాల్లో అన్నిటికన్నా ఎత్తైనది అదే.

"అక్కకి వెనక కూర్చుంటే వాంతులు" అన్నారు మీ తమ్ముడు. సరే అన్నాను. "పోనీ, కాసేపు నేను నడుపుతాను, లైసెన్సు ఉందిగా" అంటే, "కొండదారి నీ వల్ల కాదు" అన్నారు. అదీ భరించాను. పైగా మీరు బళ్లో పాఠం చెప్పినట్టు ప్రతి బోర్డూ బిగ్గరగా చదివారు. "ముందు ప్రమాదకరమైన మలుపు." "రాళ్లు పడును." "ఇచ్చట పంక్చర్లు వేయబడును." తొమ్మిదో రోజు మీ గొంతు పోయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ రోజే కారు తిన్నగా వెళ్లి గొర్రెల దొడ్లో ఆగింది.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: మీ కోసం కొన్న వాంతుల మాత్రలు ఇవాళ సంచిలో దొరికాయి. లెక్కపెట్టాను. పదికి పదీ ఉన్నాయి!


జూన్ 3.
మరదలికి ఆశీస్సులు, ఈసారికి కాస్త తక్కువగా.

నాకు వాంతులేమిటి? నీకు లోయ చూస్తే కళ్లు తిరుగుతాయట! "ముందు నువ్వు కూర్చో అక్కా, తనని అడక్కు, చిన్నబుచ్చుకుంటుంది" అని వాడు బతిమాలితే కూర్చున్నాను. లోయంటే ఒణుకు నాకు! కిందికి చూడకుండా ఉండటానికే ఆ బోర్డులు పట్టుకుని వేలాడాను. నీ కోసం అంత నరకం పడితే నా కొప్పు మీద పడతావా?

వదిన

తా.క.: ఆ మాత్రలు నీకనుకున్నాను. వేసుకోవేమా అని రోజూ జాలిపడ్డాను.


జూన్ 7.
వదినగారికి,

నమస్కారాలు పోయిన ఉత్తరంలో పెట్టాను, అవే వాడుకోండి.

నాకు కళ్లు తిరగడమా? డాబా మీద నీళ్ల ట్యాంకెక్కి కడిగేది ఎవరు? మీ ఉత్తరం మీ తమ్ముడి ముందు పెట్టాను. "అక్కకి వయసు మీద పడింది, ఏదో కలిపి రాసుంటుంది" అన్నారు. కట్టుకున్నవాణ్ని నమ్మాలా, మిమ్మల్నా? ఇక మన ఇళ్లకి రాకపోకలు అక్కర్లేదు.

మరదలు

తా.క.: మీ గొడుగు మా ఇంట్లో ఉండిపోయింది. వానలు రానివ్వండి, చూద్దాం.


జూన్ 12.
మరదలికి,

నాకు వయసు మీద పడిందన్నాడా? వాణ్ని నడిపించి బడికి తీసుకెళ్లినదాన్ని! రావద్దంటే రాను. గొడుగు ఉంచుకో.

వదిన

తా.క.: ఒక్క మాట. దారిలో నేను చదవడం ఆపితే చాలు, "చదువు అక్కా, నువ్వు భలే చదువుతావు" అనేవాడు. ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేశాను, నన్నెవరూ అలా మెచ్చుకోలేదు. ఎందుకో ఆలోచించు.


జూన్ 24.
ఉతికిన చీరలు నాలుగు. ఏరిన బియ్యం ఒక డబ్బా. తుడిచిన కళ్లజోడు ఒకటి, కొత్తది.

వదినగారికి పాదాభివందనాలు.

మీ తా.క. చదివి ఆయన్ని కిటికీ దగ్గరికి పిలిచాను. "ఎదురు బోర్డు మీద ఏముంది?" అన్నాను. "టైలరు" అని ఠక్కున చెప్పారు. టైలరు ఖాళీ చేసి ఎనిమిది నెలలైంది. అక్కడిప్పుడు పళ్ల డాక్టరు!

నిలదీస్తే కక్కారు. చూపు ఆనడం లేదని తెలిస్తే నేను స్టీరింగు లాక్కుంటానని భయమట. అందుకని చదివే నోరు పక్కన పెట్టుకున్నారు. అది పోయేదాకా లోయ అంచున మనల్ని మోసింది మీ గొంతే, వదినా. ఆ గొంతునే నేను తిట్టాను. ఇలాంటి మనిషిని నమ్మి మిమ్మల్ని రావద్దన్నాను. క్షమించండి. కొప్పు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిన్న మేమిద్దరం కొండెక్కి దిగాం. నేను నడిపాను. మీ తమ్ముడు వెనక, ఒళ్లో గిన్నెల బుట్టతో. "అబ్బ, ఇక్కడి చెట్లకి ఆకులున్నాయే!" అన్నారు. మీరు త్వరగా రండి, గొడుగు తలుపు వెనకే ఉంది. వెనకసీట్లో హాయిగా కళ్లు మూసుకుందురుగాని.

మీ మరదలు

తా.క.: మాత్రలు ఇప్పుడు ఎనిమిది ఉన్నాయి. రెండూ మీ తమ్ముడే మింగారు, మూడో మలుపులో ఒకటి, ఏడో మలుపులో ఒకటి. ముందుసీటు బాకీ చెల్లు.