ముఖంలోకి దూరిన గాలి

దుక్మ్, గల్ఫ్

అక్క రాజవ్వకు తమ్ముడు గంగారాం దండాలు. బావ ఆరోగ్యం ఎలా ఉంది? నీ మరదలు, పిల్లలు, అందరూ బాగున్నారని తలుస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. కంగారుపడకు. మా రూమ్ పోశన్న సెలవు మీద వస్తున్నాడు, అతని చేతికి ఈ ఉత్తరం ఇచ్చాను. నువ్వొక్కదానివే చదువు, పైకి చదవకు.

రూమ్‌లో నా మంచం ఏసీకి ఎదురుగా ఉండేది. పోయిన నెల ఒక పొద్దున నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎడమ పక్క నుంచి కారిపోయాయి.

"ఏందే గంగన్నా, పొద్దుగాలనే నన్ను ఎక్కిరిస్తున్నవ్?" అని పోశన్న నవ్వాడు.

అద్దం చూసుకున్నాను. మూతి కుడి వైపుకు పోయింది. ఎడమ కన్ను మూతపడలేదు.

పక్షవాతమే అనుకున్నాను అక్కా. కంపెనీ డాక్టర్ చూసి కాదన్నాడు, ముఖం నరం దెబ్బతిన్నదన్నాడు. మాత్రలు, కంటి చుక్కలు ఇచ్చాడు. అవి వాడాను. పక్కనున్న చైనా వాళ్ల క్యాంపులో ఒక డాక్టరమ్మ ఉంది. పోశన్న తన నడుం నొప్పికి ఆమె దగ్గరికే వెళ్తాడు. నన్నూ తీసుకెళ్లాడు.

ఆమెకు కొద్దిగా హిందీ వచ్చు. చల్లగాలి ముఖంలోకి దూరిందట. ఒంట్లో ప్రాణం, రక్తం నడిచే దారులకు అడ్డం పడిందట. ఆ గాలిని వెళ్లగొట్టి వేడి పుట్టించడమే వాళ్ల వైద్యం. చెంపకు సన్న సూదులు గుచ్చింది. చేతికి కూడా బొటనవేలి పక్కన ఒకటి గుచ్చింది. ముఖం రోగానికి చేయి ఎందుకని అడగడానికి మొహమాటపడ్డాను.

తర్వాత ఎండుటాకు చుట్టిన కడ్డీకి నిప్పంటించింది. మన దగ్గరలాగా వాత పెడుతుందనుకుని మంచం దిగబోయాను.

"పండుకోవే! ఇది వాత కాదు, ఉత్త కాపుడే," అని పోశన్న భుజం పట్టుకున్నాడు.

ఆమె నవ్వి, ముందు తన చేతికి దగ్గరగా పెట్టుకుని చూపించింది. నా చర్మానికి తగలనివ్వలేదు. చెవి వెనక వెచ్చగా అనిపించింది. మాచిపత్రి వాసన.

ఇప్పుడు కన్ను సగం మూతపడుతోంది. మంచం మార్చుకున్నాను. ముఖానికి గాలి తగలొద్దంది, పోశన్న తిరిగొచ్చేటప్పుడు అతనితో ఒక ఉన్ని మఫ్లర్ పంపు. అన్నం తింటున్నాను, నిజంగా బాగానే తింటున్నాను. మూతి మాత్రం ఇంకా చక్కబడలేదు. క్రేన్ ముందు ఈల ఊదే పని నాది. ఊదితే గాలి పక్కకు పోతోంది, ఈల మోగదు. సామాను సర్దే పనిలో పెట్టారు. ముఖం సరికాకపోతే ఇంటికి పంపుతామని ఫోర్‌మన్ అంటున్నాడు. డాక్టరమ్మను అడిగితే "టైమ్ లగేగా" అంటుంది. ఎన్నాళ్లో చెప్పదు. అదే నా భయం.

నీ మరదలు వీడియో కాల్ చేస్తే నెట్ లేదని తప్పించుకుంటున్నాను. "మొగం సూపెడ్తలేవు, ఏం దాస్తున్నవ్?" అని మొన్న ఏడ్చింది. ఇక దాచలేను. నువ్వు పక్కన కూర్చుని మెల్లగా చెప్పు. పక్షవాతం కాదని రెండుసార్లు చెప్పు. శుక్రవారం నాకు డ్యూటీ లేదు. వీడియో కాల్ చేయమను.

ఎత్తుతాను.

బావకు, ఊళ్లో పెద్దలకు నా దండాలు చెప్పు. నీ దీవెన ఉంటే చాలు.

నీ తమ్ముడు,
గంగారాం