ఆయన నింపిన నీళ్లు

అత్తయ్యగారికి మీ కోడలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను క్షేమం. వేళకు వండుకుంటున్నాను, సగం తింటున్నాను, మిగిలిన సగం మర్నాడు తింటున్నాను. దీన్ని క్షేమమనే అనాలి కాబట్టి అంటున్నాను. అక్కడ మీరూ మామయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మోకాలికి పట్టీ వేసుకోమంటే మామయ్యగారికి కోపం వస్తోందని రాశారు. మీ అబ్బాయి ఎవరి పోలికో ఇప్పుడు అర్థమైంది. ఒళ్లు కాలిపోతున్నా థర్మామీటరుదే తప్పనేవారు. పట్టీ వేసుకోమని నేను చెప్పానని చెప్పండి. మీ మాట కాకపోయినా నా మాట వింటారేమో.

మీరు అడిగినవాటికి ఒక్కొక్కటే జవాబు రాస్తాను. కళ్లద్దాల షాపుకు మళ్లీ వెళ్తున్నాను. రోజంతా వచ్చినవాళ్లకు అక్షరాలు చూపించి, కనిపిస్తున్నాయా, ఇప్పుడు కనిపిస్తున్నాయా అని అడగడమే నా పని. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు, అందుకని ఇంట్లో కంటే అక్కడే ప్రాణానికి తెరిపిగా ఉంటుంది. ఆయన బట్టలు ఎవరికైనా ఇచ్చావా అన్నారు. ఇవ్వలేదు. బీరువాకు ఆయన వైపు తలుపు తెరవడం లేదు, అంతే.

ఇల్లు అమ్మేయమన్నారు. వయసులో ఉన్నదానివి, అంత ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావు, మీ వాళ్ల దగ్గరకు వెళ్లు అని రాశారు. నా మంచి కోరే రాశారని తెలుసు. అయినా ‘మీ వాళ్లు’ అన్న మాట దగ్గర ఆగిపోయి, మిగతా ఉత్తరం సాయంత్రం చదివాను.

ఇక మీ ఉత్తరంలో రెండుసార్లు అడిగిన ప్రశ్న. స్విమ్మింగ్ పూల్ మోటారు బాగైందా అని. అమ్మేలోగా ఒక్కసారి వస్తాను, పిల్లాడు రోజూ ఈదిన నీళ్లలో కాసేపు కాళ్లు పెట్టుకుని కూర్చుని వచ్చేస్తాను, నాకింకేమీ వద్దు అని రాశారు. దీనికి జవాబు ఫోన్లో చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ఫోన్లో మీ గొంతు వినగానే వంట సంగతులేవో చెప్పి పెట్టేస్తున్నాను. అందుకని రాస్తున్నాను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఈ ఇల్లు కొన్నప్పుడు మీరు, ఇల్లు కొన్నావా చెరువు కొన్నావా అని ఆయన్ని ఆటపట్టించారు, గుర్తుందా? నిజానికి ఆయన కొన్నది చెరువునే, ఇల్లు దానికి కొసరు. మేం వచ్చేసరికి పూల్ ఎండిపోయి ఆకులతో నిండి ఉంది. అడుగున ఊడిపోయిన పలకలను ఆయనే అతికించారు. తర్వాత పైపు పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని, పాలు పొంగుతాయేమోనని కాపలా కాసినట్టు కూర్చుని నింపారు. ఒక గదికి సున్నం వేయించమంటే మాత్రం తీరిక లేదనేవారు.

పెరట్లో రేకుల గది ఉంది, యంత్రాలన్నీ అందులోనే. మొదటి వారమే నన్ను అక్కడ నిలబెట్టి పాఠం చెప్పారు. మోటారు పూల్ అడుగు నుంచి నీళ్లు లాగి, ఇసుక నిండిన పెద్ద డ్రమ్ములోకి తోస్తుంది. మురికి ఇసుకలో చిక్కుకుంటుంది, తేటనీళ్లు గోడలో ఉన్న రంధ్రాల్లోంచి పూల్‌లోకి తిరిగొస్తాయి. డ్రమ్ము నెత్తిన వాల్వు, దానికొక పిడి. పిడి ఎటు తిప్పితే నీళ్లు అటు వెళ్తాయి. ఇసుక మురికితో బిగిసిపోతే డ్రమ్ముకున్న మీటరులో ముల్లు పైకి లేస్తుంది. అప్పుడు పిడిని బ్యాక్‌వాష్‌కు తిప్పాలి. నీళ్లు ఎదురు దారిన వెళ్లి ఇసుకను కడిగి, మురికితో సహా వీధి కాలువలోకి పోతాయి. పూల్ జానెడు తగ్గుతుంది, తగ్గినంతా కుళాయి నుంచి కొత్త నీళ్లు పట్టుకోవాలి. మోటారు ఆపకుండా పిడి ముట్టుకోకు, లోపల రబ్బరు చిరిగిపోతుంది అని ఎన్నిసార్లు చెప్పారంటే, నన్ను పేరు పెట్టి కూడా అన్నిసార్లు పిలవలేదు. ఊఁ కొట్టాను గానీ నేనెప్పుడు తిప్పబోతానులే అనుకున్నాను.

ఆఫీసు మెట్ల మీద కూలిపోయిన రోజు పొద్దున కూడా ఆయన ఈదారు. మీరంతా వచ్చి వెళ్లిన తర్వాత, ఏం చేయాలో తోచక, ఆయన చేసినట్టే రోజూ మోటారు వేయడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు ముల్లు పైకి లేచింది. మోటారు ఆపి, పిడి మీద చెయ్యి వేశాను. తిప్పితే బయటికి పోయేవి ఏ నీళ్లు అత్తయ్యా? ఆయన ఒళ్లు తాకిన నీళ్లు. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. ఎండకు ఆవిరైపోయేవాటిని ఎలాగూ ఆపలేను, నా చేత్తో మాత్రం పారబోయను అనుకున్నాను. పిడిని కదపకుండానే మోటారు వేసి లోపలికి వచ్చేశాను. ఆ రోజు నుంచి ముల్లు వైపు చూడటం మానేశాను.

ఇసుక బిగిసిపోయింది. గోడ రంధ్రాల్లోంచి రావాల్సిన నీళ్లు పసివాడి చొంగలా కారడం మొదలుపెట్టాయి. వేయాల్సిన క్లోరిన్ మందు వేస్తూనే ఉన్నాను, కదలని నీళ్లలో అదేం చేస్తుంది. ముందు మబ్బుగా, తర్వాత పచ్చగా, చివరికి అడుగు కనిపించకుండా అయ్యాయి. కప్పలు చేరాయి. పక్కింటి దర్జీ గోడ మీంచి తొంగిచూసి, దోమలతో కుట్టుమిషన్ దగ్గర కూర్చోలేకపోతున్నాను, మీకు చెప్పడానికి మొహమాటంగా ఉంది అంటూనే అంతా చెప్పాడు. అప్పుడే మీరు వస్తానని మొదటిసారి రాశారు. మోటారు పాడైంది, ఇప్పుడు రావద్దని అబద్ధం రాశాను. మోటారుకు ఏమీ కాలేదు. పాపం, దాని పని అది చేస్తూనే ఉంది.

చివరికి పంపు మేస్త్రిని పిలిచాను. మనిషి వాగుడుకాయ. లోపలికి వస్తూనే, ఈ పూల్స్ ఉన్నవాళ్లెవరూ ఈదరమ్మా, నన్ను మేపడానికే కట్టించుకుంటారు అన్నాడు. డ్రమ్ము మూత తీసి, లోపలికి వంగి చూశాడు. బ్యాక్‌వాష్ ఎప్పుడు చేశారని అడిగాడు. చేయలేదన్నాను. మర్చిపోయారా అన్నాడు. లేదన్నాను. ఇసుకలో వేలు గుచ్చబోతే దిగలేదు.

“ఇసుక మార్చేస్తానమ్మా. ఈ నీళ్లు మాత్రం ఇంక దేనికీ పనికిరావు, తీసేయాల్సిందే,” అన్నాడు.

“కొంచెమైనా ఉంచుకోవచ్చా?”

“కొంచెం ఉంచితే అదే మళ్లీ మొత్తాన్నీ పాడుచేస్తుంది.”

ఆలోచించుకుని చెబుతానని పంపించేశాను. ఆ వారంలోనే ఈ మీ రెండో ఉత్తరం వచ్చింది. మోటారు బాగైనా కాకపోయినా వచ్చే నెల వస్తున్నానని. అది చేతిలో పట్టుకుని పెరట్లోకి వెళ్లి చూశాను. నాచు తెట్టు, కప్పలు, కుళ్లు వాసన. మీరు వచ్చి దీన్ని చూసి, ఇదా మా వాడు ఈదిన నీళ్లు అనుకుంటారని ఊహించుకుంటే నా వల్ల కాలేదు. ఆ నీళ్లను దాచుకుందామనుకుని నేనే చంపేశాను.

మేస్త్రి తానే తీసేస్తానన్నాడు గానీ వద్దన్నాను. సెలవు పెట్టి, పొద్దున్నే రేకుల గదిలోకి వెళ్లి, స్విచ్ ఆపి ఉందో లేదో మళ్లీ చూసుకుని, పిడిని నీళ్లన్నీ బయటికి పోయే వైపు తిప్పాను. మోటారు వేశాను. బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. పైపు పక్కన చిన్న గాజు గొట్టం ఉంటుంది, పోయే నీళ్లు అందులో కనిపిస్తాయి. అలా చూస్తూనే ఉన్నాను. మధ్యలో లేచి, మీ కోసం ఒక సీసాలో పట్టాను. వెలుతురులో పెట్టి చూస్తే పచ్చటి నీళ్లలో ఏవో పురుగులు కదులుతున్నాయి. అదీ పారబోశాను. ఉంచాల్సిందేమో, ఇప్పటికీ తెలియడం లేదు. మధ్యాహ్నానికి నీళ్లు అయిపోయి మోటారు గాలి లాగుతూ అరవడం మొదలుపెట్టింది. ఆపేశాను. ఆయన పోయిన రోజు ఏడవలేదని అందరూ చెవులు కొరుక్కున్నారు కదా, ఆ ఏడుపు ఆ గదిలో వచ్చింది.

మీ అబ్బాయి ఆఖరిసారి ఈదిన నీళ్లు లేవు అత్తయ్యా. నన్ను అడగకుండా ఎలా తీశావని మీరు తిడితే పడతాను. మేస్త్రి ఇసుక మార్చి వెళ్లాడు. కుళాయి తిప్పి నింపేసి ఊరుకుంటే మీకు తేడా తెలిసేది కాదు. ఆ ఆలోచనా వచ్చింది. కానీ మీరు ఆ నీళ్లలో కాళ్లు పెట్టి కళ్లు మూసుకుంటే, పక్కన నిలబడే ధైర్యం నాకు లేదు.

అందుకని నింపలేదు. పూల్ ఖాళీగానే ఉంది, కడిగి ఉంచాను. అడుగున ఆయన అతికించిన పలకల్లో ఒకటి వంకరగా ఉంది. అప్పుడే ఎత్తి చూపితే, నీళ్లు పోస్తే ఎవరికి కనిపిస్తుందే అన్నారు. ఇప్పుడు కనిపిస్తోంది. దాని అంచున సిమెంటులో ఆయన బొటనవేలి ముద్ర కూడా ఉంది. కిందికి మెట్లున్నాయి, చెయ్యి పట్టుకుని నేను దింపుతాను.

నీళ్లు లేవని తెలిశాక రావడం మానేస్తారేమోనని భయంగా ఉంది. ఇల్లు అమ్మాలా వద్దా అన్నది మీరు చూశాకే తేల్చుకుందాం. మీ వాళ్ల దగ్గరకు వెళ్లు అని రాశారు కదా. వెళ్లమంటే మీ దగ్గరకే రావాలనిపిస్తోంది. ఆయన లేకుండా రావచ్చో లేదో మీరే చెప్పాలి.

ఇట్లు,
మీరు వద్దనేవరకూ
మీ కోడలు