ఇనపతాత వెనక్కి చూశాడా?

సోమవారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వు వాడుకోగా మిగిలినవి మరదలికీ పిల్లలకీ పంచు. మేం క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మీ బావ రిటైరైన దగ్గర్నుంచి ఇంట్లో ఉన్న ప్రతి తలుపు బందుకీ నూనె వేస్తున్నారు. చప్పుడు లేకపోయేసరికి ఎవరు ఎప్పుడు గదిలోకి వస్తున్నారో నాకు తెలియడం లేదు. నా కళ్లజోడు పవరు ఇంకాస్త పెరిగింది. ప్రెస్సులో నా బల్ల కిటికీ పక్కకి మార్చారు. అచ్చుతప్పులు ఏమాత్రం తగ్గలేదు, అందుకే ఈ వయసులోనూ నా ప్రూఫురీడరు ఉద్యోగం నిలబడింది.

నువ్వు క్షేమంగానే ఉన్నావని నాకు తెలుసు. మా బిల్డింగు లిఫ్టులో వేలాడే తనిఖీ కార్డు మీద మూడు నెలలకోసారి నీ సంతకం పడుతోంది. పోయిన నెల పన్నెండున పడింది. నాలుగో అంతస్తు దాకా వచ్చి, తలుపు సరిగ్గా తెరుచుకుంటోందో లేదో చూసుకుని, మళ్లీ అదే లిఫ్టులో దిగిపోతావని వాచ్‌మన్ చెప్పాడు. లిఫ్టు నుంచి మా గుమ్మానికి ఆరడుగులు. తొమ్మిదేళ్లుగా ఇదే వరస. తప్పుపట్టడం లేదు, విన్నది రాస్తున్నాను.

ఇక విషయానికి వస్తాను. మన సీరియల్ పందొమ్మిదో భాగం దొరికింది.

నీకు తెలిసిన కథే అయినా, సంఘం కార్యదర్శిగా రాసీ రాసీ మొదటి నుంచి చెప్పడం అలవాటైపోయింది, ఓర్చుకో. ఆ అంతరిక్ష సీరియల్ మొత్తం ఇరవై ఆరు భాగాలు. పందొమ్మిదోదాని టేపు మాత్రం టీవీ వాళ్ల దగ్గరే పోయింది. మిగతావి ఎన్నోసార్లు వేశారు. ఇది నలభై ఎనిమిదేళ్ల కిందట వేసిన ఒక్కసారే. అందులో ఏముందో చెప్పడానికి మన అభిమానుల సంఘానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం, పన్నెండేళ్ల వయసులో నేను రాసుకున్న రిజిస్టరు.

సంఘం సంగతులు నీ చెవిన పడి చాలా కాలమైంది కదా. అక్కడేమీ మారలేదు. మూడో భాగంలో ఆ గ్రహానికి రెండు చందమామలుంటే పదకొండో భాగంలో ఒకటే ఎందుకుందని ఆర్నెల్లు కొట్టుకున్నారు. ఒకటి రెండోదాని వెనక దాక్కుందని మన అధ్యక్షుడు పళ్ల డాక్టరు తేల్చాడు. కెప్టెన్ ఎడమచేతి గాయం మరుసటి వారానికి కుడిచేతికి ఎలా పాకిందన్నదానికి మాత్రం డాక్టరు దగ్గర కూడా మందు లేదు. అది అద్దంలో చూపించారని లెక్కల టీచరు అంటుంది. అద్దం ఎక్కడుందని అడిగితే, అద్దం కనపడదు, అద్దంలోదే కనపడుతుందని జవాబు. ఆవిడతో ఎవరు వాదించగలరు?

ఈ పందొమ్మిదో భాగం గొడవ మాత్రం అలా నవ్వుకుని వదిలేసేది కాలేదు. బరువు తగ్గితే తప్ప నౌక ఆ చీకటి గ్రహం మీంచి లేవదు. ఎవరు దిగాలా అని అందరూ వాదించుకుంటుంటే, వంటచేసే మరమనిషి, మనం ఇనపతాత అని పిలుచుకున్నవాడు, గరిటె కింద పెట్టి తనంతట తనే తలుపు వైపు నడుస్తాడు. వెళ్తూ వెనక్కి చూశాడా, లేదా? అదీ ప్రశ్న. 'ఆగకుండా పద్నాలుగు అడుగులు వేసి దిగిపోయాడు. వెనక్కి చూడలేదు' అని రిజిస్టరులో ఉంది. నువ్వు కాదన్నావు. నడుస్తూనే తల ఒక్కటే తిప్పి కెప్టెన్‌ని చూశాడన్నావు. ఇరవై మూడో భాగంలో కెప్టెన్ జ్వరంలో 'వాడు నన్ను చూశాడు' అని గొణిగేది ఆ చూపు గురించేనన్నావు. జ్వరంలో మాటకి విలువేమిటని సంఘం కొట్టిపారేసింది.

తొమ్మిదేళ్ల కిందటి ఆ సమావేశం నాకు బాగా గుర్తుంది. ఇనపతాత చూసిన ఆ చూపు వల్లే యంత్రాల పనిలోకి వచ్చానని చెప్పావు. ఎనిమిదేళ్లప్పుడు అది చూసిన తర్వాత ఏ మోటారు ఆగిపోయినా దాన్ని వదిలేసి పోబుద్ధి కాదన్నావు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు నేను లేచి రిజిస్టరు చదివాను. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. మా తమ్ముడికి చిన్నప్పట్నుంచీ కలలు కని, అవి చూశాననడం అలవాటు అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు టీ కప్పు బల్ల మీద పెట్టి, టీవీలో అది చూసిన రోజు నువ్వు నా వెనకే ఉన్నావు కదక్కా, నువ్వెలా అంటావే అని అడిగి వెళ్లిపోయావు. ఓట్లు పద్నాలుగూ రిజిస్టరుకే పడ్డాయి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తింది నేనే.

మొన్న గురువారం డాక్టరు క్లినిక్కులో పేషెంట్లు వెళ్లాక, వాళ్లు కూర్చునే గదిలోని టీవీలో చూశాం. రిటైరై, ఈమధ్యే కాలం చేసిన ఒక టీవీ టెక్నీషియన్ ఇంట్లో పాత స్వెట్టర్ల కింద టేపు దొరికిందట. కూతురు తెచ్చిచ్చింది. నేను ముందు కుర్చీలో కూర్చున్నాను. ఇనపతాత గరిటె కింద పెట్టాడు. నడిచాడు. తొమ్మిదో అడుగు దగ్గర తల తిప్పి చూశాడు. రెండు సెకన్లు ఉంటుందేమో. కాళ్లు ఆగలేదు. అడుగులు మాత్రం సరిగ్గా పద్నాలుగు.

నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉంది, తమ్ముడూ.

తరవాత జరిగింది వింటే నీకు నవ్వొస్తుంది. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు, వీళ్లు పట్టుకున్నది నా కుందేలు. రిజిస్టరు తప్పై ఉండదని అందరూ ఒక్క గొంతుతో తేల్చేశారు. కాబట్టి ఆ భాగానికి రెండు రూపాలుండాలి, తిరిగి చూసేది ఒకటి, చూడనిది ఒకటి. అడుగులు కూడా లెక్కపెట్టిన పిల్ల తల తిరగడం చూడకుండా ఉంటుందా అని లెక్కల టీచరు అడిగింది. డాక్టరు దీని మీద వ్యాసం మొదలుపెట్టి అప్పుడే పదకొండు పేజీలు రాశాడు. నేను బిస్కెట్టు తింటూ ఊరుకున్నాను.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి, ఎప్పటిలాగే స్కూలు హాల్లో, అందరికీ వేసి చూపిస్తున్నాం. రెండు రూపాల సిద్ధాంతం మీద ఓటింగు కూడా ఉంటుంది. కార్యదర్శిగా నిన్ను పిలవడం నా విధి, పిలుస్తున్నాను. రావడం మానడం నీ ఇష్టం. అప్పట్లో చిన్నపిల్లని, ఎక్కడో పొరపాటు పడి ఉంటాను. పెద్దదాన్నయ్యాక అన్న మాట మాత్రం పొరపాటు కాదు, తప్పు. దానికి ఎంతో బాధపడుతున్నాను. ఇది తొమ్మిదేళ్ల కిందటే రాయాల్సిన ఉత్తరం.

పిల్లల చదువుల గురించి మరదల్ని రెండు ముక్కలు రాయమను.

ఇట్లు,
మీ అక్క
(సంఘం కార్యదర్శి, ఆదివారం దాకా)

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టి, మళ్లీ తీశాను. అచ్చుతప్పు కంటే ఎగిరిపోయిన వాక్యం ప్రమాదమని ప్రెస్సులో కొత్తవాళ్లకి నేనే చెప్తుంటాను.

ఆ భాగం నేను చూడలేదు, విన్నాను. మొదటిసారి వేసినప్పుడు ఒక్క భాగమూ చూడలేదు. డ్రాయింగు మేష్టారింట్లో చిన్నపిల్లలు ముందు చాప మీద కూర్చుంటే పెద్దపిల్లలం వెనక గోడకి ఆనుకునేవాళ్లం. అక్కణ్ణుంచి నాకు టీవీ అంటే కదులుతున్న మసక వెలుతురు, అంతే. కళ్లు ఆనడం లేదని ఇంట్లో చెప్తే టీవీ వల్లే అని ఇద్దర్నీ మానిపిస్తారు. నువ్వేమో ఆ అరగంట కోసం వారమంతా రోజులు లెక్కపెట్టేవాడివి. చెప్పలేదు. మాటలు విన్నాను, అడుగులు లెక్కపెట్టాను, మిగతాది ఊహించి రాసుకున్నాను. సీరియల్ అయిపోయిన రెండేళ్లకి బడిలో పట్టుబడి కళ్లజోడు వచ్చింది. మళ్లీ వేసినప్పుడు ఒక్కో భాగం చూసి గుట్టుగా దిద్దుకున్నాను. పందొమ్మిదోది దిద్దుకునే వీల్లేకపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి నడిచొస్తూ, తాత వెనక్కెందుకు చూశాడక్కా అని నన్నడిగావు. ఎక్కడ చూశాడు, నీ మొహం అన్నాను. ఇంటికెళ్లి, నీతో అన్నదే రిజిస్టరులో రాశాను.

ఆదివారం అందరి ముందూ ఈ తా.క. చదువుతాను. డాక్టరు పదకొండు పేజీలకి నా సానుభూతి.

రిజిస్టరు అట్ట మీద మొదటి నియమం నా చేతిరాతతోనే ఉంది, చూసినవాళ్లే రాయాలని. పందొమ్మిదో భాగం పేజీ అడ్డంగా కొట్టేసి, ఎదుటి పేజీ ఖాళీగా వదిలాను. అది నువ్వు రాయాలి. రిజిస్టరు ఆదివారం దాకా మా ఇంట్లోనే, ముందు గది బల్ల మీదే ఉంటుంది. లిఫ్టు దిగితే ఆరడుగులు.