రెండువేల మూడువందల మాటలు

ఫిబ్రవరి 2, 2025, ఆదివారం. అద్దంకి

కంప్యూటర్ ఆన్ చేసి, స్నానం చేసి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంది. పదమూడేళ్ల మిషను. కొత్తది కొందామంటే రెబ్కా వద్దంది. తన మాటలన్నీ అందులోనే ఉన్నాయి.

మాటలంటే నిజంగా మాటలే. మా ఆవిడ తెలుగు టీచరు. పదకొండేళ్లుగా సెలవు రోజుల్లో మిరప కల్లాలకీ పత్తి చేలకీ వెళ్లి, కూలి ఆడవాళ్లు పనిలో వాడే మాటలు అడిగి చీటీల మీద రాసుకొస్తుంది. టైపు చేశాక చీటీలు పారేస్తుంది. రెండువేల మూడువందలు దాటాయి. నిఘంటువు వెయ్యాలని కోరిక. సగం మాటలు అమీర్‌బీవే. మిరపకోతల ముఠాకి ఆవిడే మేస్త్రి.

ర్యామ్ పెంచి, ఎస్‌ఎస్‌డి అనే కొత్తరకం డిస్క్ వేస్తే ఇంకో ఐదేళ్లు ఢోకా లేదు. నేనే వేస్తానన్నాను. ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యమంది. అక్కర్లేదన్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

జాన్ బాషా షాపులో రెండూ కొన్నాను. నా పాత స్టూడెంటు. టెన్త్ తప్పింది నా ఫిజిక్స్‌లోనే. మిషను ఇక్కడికే తెండి సార్, అరగంటలో చేసిస్తానన్నాడు. నాకు రాదనుకున్నావా అన్నాను. పోనీ విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్క్ వైరు పీకెయ్యండి, మర్చిపోకండి అన్నాడు. షాపులో నలుగురున్నారు. ఒరేయ్, ఫిజిక్స్ తప్పినోడివి నాకు చెబుతున్నావా అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

స్టాఫ్ రూమ్‌లో నన్ను కంప్యూటర్ ఫిలిప్ అంటారు మరి.

ఫిబ్రవరి 9, ఆదివారం. మధ్యాహ్నం 2.40

వైరు పీకలేదు.

అదే రోజు, సాయంత్రం 5.15

తెర మీద డ్రైవ్ 0, డ్రైవ్ 1 అని రెండు కనపడ్డాయి. రెండూ ఒకే సైజు. ముందున్నదే కొత్తదనుకున్నాను. కొత్త డిస్క్‌లో అప్పుడే పార్టిషన్లు, అంటే విడి భాగాలు, ఎందుకుంటాయని ఆలోచించలేదు. డిలీట్. డిలీట్. ఫార్మాట్. విండోస్ ఎక్కించాను. జామ్మని ఎక్కుతోందని మురిసిపోయాను కూడా.

తెరిచాక చూస్తే కొత్తది ఖాళీగా ఉంది. పాతదాంట్లో విండోస్ తప్ప ఏమీ లేదు.

నెట్‌లో దొరికిన రికవరీ సాఫ్ట్‌వేర్లు మూడు ఎక్కించాను. ఏవేవో పేర్లు లేని ఫైళ్లొచ్చాయి. వచ్చినవాటిని వచ్చినట్టు అదే డిస్క్‌లో సేవ్ చేశాను. ఒక్కటీ తెరుచుకోలేదు.

రెబ్కా స్త్రీల సమాజం మీటింగ్ నుంచి వచ్చేసింది. గేటు చప్పుడైంది.

ఫిబ్రవరి 10, సోమవారం

అబద్ధం చెప్పాను. జాన్ బాషా ఇచ్చిన ర్యామ్‌లో లోపముంది, షార్టయి డిస్క్ పోయింది అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! రెబ్కా ఏడవలేదు. అన్నీ పోయాయా అని రెండుసార్లు అడిగింది. తర్వాత వెళ్లి బియ్యం కడిగింది.

ఫిబ్రవరి 12, బుధవారం

నేను స్కూల్లో ఉండగా రెబ్కా డిస్క్ సంచిలో వేసుకుని జాన్ బాషా షాపుకి వెళ్లింది. జనం ముందే కడిగేసిందట. నీ నాసిరకం సరుకు నా పదకొండేళ్లు తినేసిందిరా అందట. అతను డిస్క్‌ని తన కంప్యూటర్‌కి తగిలించి చాలాసేపు చూశాడట. తర్వాత తల దించుకుని, పోయిందమ్మా, క్షమించండి అన్నాడట. అంతేనట.

చూసే ఉంటాడు. విండోస్ ఏ తేదీన, ఎన్నింటికి ఎక్కిందో అందులోనే ఉంటుంది. కాలిపోయిన డిస్క్‌కి తేదీలుండవు.

ఫిబ్రవరి 13, గురువారం

జాన్ బాషా షాపున్న బస్టాండు వైపు వెళ్లకుండా చుట్టు తిరిగి స్కూలుకి పోతున్నాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

స్కూలు కంప్యూటర్ల రిపేరు జాన్ బాషాకి ఇక ఇవ్వొద్దని హెడ్‌మాస్టరు తీర్మానించారు. రెబ్కా మేడమ్ సంగతి విన్నాం కదా అన్నారు. నిజమేనా ఫిలిప్ గారూ అని నన్నే అడిగారు. తలూపాను. ఊపిన తల నాదే.

మార్చి 1, శనివారం

చెప్పేశాను. రెబ్కా కూర తరుగుతోంది. నిలబడే చెప్పాను, అంతా. కత్తిపీట పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. ఆ పిల్లాడికి చెప్పావా అని మాత్రం అడిగింది. లేదన్నాను. చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అతన్ని తిట్టింది కదా, ముందు తను క్షమాపణ అడిగొచ్చింది. నాతో ఒక్క మాట లేదు.

మార్చి 2, ఆదివారం

ఆరాధన అయ్యాక షాపుకి వెళ్లాను. ముగ్గురున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకుని ఒక మౌస్ బేరమాడాను. కొన్నాను కూడా. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను. వాళ్ల ముందే చెప్పాను. తప్పు నాది, ఇతను ముందే హెచ్చరించాడు, ఇతని మీద నేను అబద్ధం చెప్పాను అని.

జాన్ బాషా గబగబా స్టూలు తెచ్చాడు. "కూర్చోండి సార్, ఎండన పడొచ్చారు" అన్నాడు. తెలిసీ మేడమ్‌కి ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఎట్టా చెబుతాను సార్? మీ ఇంట్లో మీరు చిన్నబోరా?" అన్నాడు.

తర్వాత ఇంకోటి చెప్పాడు. అది చెప్పకుండా ఉంటే బాగుండేది. "పోయిందని తెలిసిన నిమిషాన మిషను ఆపేసి నా దగ్గరికి తెచ్చుంటే చాలామటుకు లాగేవాణ్ణి సార్. తర్వాత మీరు ఎక్కించినవీ, సేవ్ చేసినవీ పాత ఫైళ్ల మీదే కూర్చున్నాయి."

అంటే మాటల్ని పోగొట్టింది వైరు కాదు. ఎవరికీ తెలియకూడదనుకున్న నా ఆ రెండున్నర గంటలు.

మార్చి 3, సోమవారం

హెడ్‌మాస్టరుకి జరిగిందంతా రాసిచ్చాను. స్టాఫ్ రూమ్‌లో ఇప్పుడు ఉత్త ఫిలిప్‌ని.

మార్చి 9, ఆదివారం

జాన్ బాషా వారం కష్టపడి నూటతొంభై మాటలు తీశాడు. కొన్నిటికి అర్థాలు లేవు. కొన్ని అర్థాలకి మాటలు లేవు. రెబ్కా ప్రింటు తీయించి ఒడిలో పెట్టుకుని చదివింది. ఆదివారాలు ఖాళీయేనా అని అడిగింది. ఎనిమిది రోజుల్లో తనంతట తను నాతో మాట్లాడిన మొదటి మాట.

మార్చి 16, ఆదివారం

కల్లంలో కూర్చున్నాను. ఘాటుకి తుమ్ములు. రెబ్కా అడుగుతుంది, నేను రాయాలి. అమీర్‌బీ చాలా వేగంగా మాట్లాడుతుంది. ఒక మాట మూడుసార్లు చెప్పించుకున్నాను. ఆడవాళ్లు నవ్వారు. నాలుగోసారి అడగడానికి సిగ్గేసింది.

అడిగాను.