బర్రెకు పీజీ

ప్రియాంకా,

ఫోన్ చేస్తే చిన్నమ్మ స్పీకర్ల పెడ్తది, అందుకే మీ ఊరి ఆటోల ఈ ఉత్తరం పంపుతున్న.

డిగ్రీ అయ్యేదాక నేను బర్రెల కొట్టంల కూసొని గట్టిగ చదివేదాన్ని గదా. పరీక్షలైపోయి చదువు బంద్ చేసిన సంది మా బర్రె చేపుతలేదు. పాఠం వినబడితేనే పాలిస్తది. ఇగ బాపు, "నీకు కొలువెందుకు బిడ్డా, సిద్దిపేటలనే పీజీ చెయ్" అని వెంటబడ్డడు. నా చదువు మీద ఆయనకు ఇంత ప్రేమ నేనెన్నడు చూడలే.

నాకేమో హైదరాబాద్ల మందుల కంపెనీల కొలువొచ్చింది, సోమవారం చేరాలె. పాఠం ఫోన్ల రికార్డు చేసి వినిపిస్తే బర్రె ఫోన్‌ను నాకి బకెట్‌ను తన్నింది. "దానికి పంతులమ్మ ఎదురుంగనే ఉండాలె, ఆన్‌లైన్ క్లాసులు నడువయి" అని అమ్మ తేల్చేసింది.

నువ్వు గూడ బైపీసీనే గదా. నంగునూరు నుంచి వచ్చి మా ఇంట్లనే ఉండి చదువుకో, రోజు గిలాసెడు పాలు నీవే. దానికి బాటనీ అంటే పానం. జువాలజీ మాత్రం మనసులనే చదువుకో, బొద్దింకను కోసే పాఠం దగ్గర ఒకసారి నా మీదికొచ్చింది.

ఆదివారం లోపల రా. బాపు నిన్న బర్రె పండ్లు చూసి వయసు లెక్కగట్టి, ఇంకా చానేండ్లు పాలిస్తదన్నడు. నువ్వు రాకుంటే నేను పీహెచ్‌డీ దాక చదవాల్సిందే.

కొట్టంల నుంచి,
మీ అక్క