అడ్డచుట్ట క్యాసెట్లు, వాటి వారసులు

శ్రీకాకుళం జిల్లా, పలాస మండలం, కాశీబుగ్గలో ఒంటరిగా కాపురముంటున్న కీ.శే. బమ్మిడి బైరాగి గారి పెద్దకొడుకు, వీడియోలు తీసి బతికిన బమ్మిడి కూర్మయ్య అనే నేను, యాభై నాలుగో ఏట, నా ఇష్టపూర్వకంగా రాసుకున్న వీలునామా ఇది. నా కిడ్నీలు రెండూ చెడ్డాయి గాని బుద్ధి చెడలేదు. నన్నెవరూ ఒత్తిడి చేయలేదు. చేసేందుకు ఇంట్లో ఎవరూ లేరు. నేనున్నంతకాలం నా ఆస్తిపై సర్వహక్కులు నావే. నా తదనంతరం ఈ కింది విధంగా చెందాలి. అమలు జరిపే బాధ్యత ఈ ఊళ్ళోనే ఉండే ఇందుమతమ్మకు అప్పగిస్తున్నాను.

1. అక్కుపల్లిలో నా వాటా జీడితోట మా తమ్ముడు ధర్మారావుకు చెందాలి. అతను టెక్కలిలో పొగాకు వ్యాపారి. చాలా ఏళ్ళుగా నాతో మాట్లాడడు. నా వెనక ఎవరూ వేరేగా చెప్పుకోకుండా కారణం ఇక్కడే రాస్తున్నాను.

అమ్మ పోయాక మా ఇద్దరినీ పెంచింది పెద్దతల్లి అనే మా అక్క. మా వైపు చాలామంది ఆడవాళ్ళలాగే తనూ అడ్డచుట్ట కాల్చేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. 1999లో అంగిట్లో పుండు లేచింది. విశాఖ తీసుకెళ్తే కేన్సరు, ఆలస్యమైందన్నారు. తిరిగొచ్చాక నన్ను పిలిచి, "ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ తీత్తావు గదరా, నా నోరు కూడా తియ్యి. ఆడోల్లకి సూపించు. సెప్తే ఇనరు, సూత్తే బయపడతారు" అంది. కెమెరా భుజాన పెట్టుకున్నాను గాని ఫోకసు కుదరలేదు. నేను కుదురుకునేదాకా అక్క నోరు తెరుచుకుని అలాగే కూర్చుంది.

తను పోయాక ఆ క్యాసెట్టు ఊరూరా చూపించాను. ధర్మారావు వచ్చి, "అక్క నోరు సంతలో పెట్టీసినావు. ఇంక నాకు అన్న లేడు" అని గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు. అక్కే అడిగిందని చెప్పనివ్వలేదు. తర్వాత నేను టెక్కలి వెళ్తే కొట్లోంచి లేచి లోపలికి పోయాడు.

2. ఆ క్యాసెట్టు తీసిన రోజు, కెమెరా ఆన్‌లో పెట్టి నేను లైటు సరిచేసుకుంటుంటే అక్క తల దువ్వుకుంటూ నవ్వింది. "సిన్నోడు అన్నం తిన్నాడా" అని అడిగింది. చిన్నోడంటే ధర్మారావే. అక్క ఫొటో మా ఇళ్ళల్లో ఒక్కటీ లేదు. ఆ ముక్క వరకే విడిగా సీడీ చేయించాను. పుండు కనబడదు. ధర్మారావు తోట వద్దంటే బతిమాలక్కర్లేదు. సీడీ మాత్రం అతని చేతికిచ్చి రావాలి.

3. కెమెరా, టీవీ, క్యాసెట్లు వేసే వీసీపీ, జనరేటరు, క్యాసెట్లన్నీ ఇందుమతమ్మకు. చిన్నప్పటి నుంచీ అడ్డచుట్ట కాల్చి, మానేసి, ఎలా మానిందో మా క్యాసెట్లలో చెప్పిన మనిషి ఆమె. మా వెనక ఏ సంస్థా లేదు, జీతం లేదు. పెళ్ళిళ్ళుండని మూఢాల్లో ఆటో మాట్లాడుకుని ఉద్దానం ఊళ్ళు తిరిగేవాళ్ళం. ఆమె మాటలకు ఆడవాళ్ళు ముందు నవ్వేవారు, తర్వాత ఒక్కొక్కరే దగ్గరికి జరిగేవారు.

"శుబమా అని పెళ్ళి సేసుకుంతూ కేన్సరు కేసెట్లోడెందుకు" అని ఊళ్ళోవాళ్ళు నన్ను పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. వాళ్ళ మీద నాకు కోపం ఉంది. ఇక్కడ రాసినంత మాత్రాన పోయేది కాదు.

అక్క నోరున్న క్యాసెట్టు చూపిస్తూనే ఉండాలి. ఆపమనే హక్కు నా వారసుల్లో ఎవరికీ లేదు.

4. అక్క చుట్టలు దాచుకున్న ఇత్తడి డబ్బాలో ఇప్పుడు సోంపు పోసుకుంటున్నాను. అది ధర్మారావు భార్య కమలకుమారికి. ఒకసారి మేం క్యాసెట్టు వేసినప్పుడు జనం వెనకాల నిలబడి చూసి, వెళ్ళేముందు "బాగున్నారా బావగారూ" అంది. ఆ ఇంటినుంచి ఇన్నేళ్ళలో నాకు దక్కిన పలకరింపు అదొక్కటే.

5. నా పేరు మీద టెలిఫోను కనెక్షన్ ఉంది. ప్రతి క్యాసెట్టు చివరా ఆ నంబరు వేశాం. చుట్ట మీదకి మనసు పోయినప్పుడు ఫోను చెయ్యమని ఇందుమతమ్మ చెబుతుంది. ఎస్టీడీ బూత్‌ల నుంచి ఆడవాళ్ళు చేసేవారు. కళావతి అని జీడిపిక్కలు కొట్టే ఆవిడ, "బాబూ, నోరు పీకేత్తంది, ఏటో ఒకటి మాటాడు" అనేది. వాన గురించో కూర గురించో మాట్లాడేవాణ్ణి, ఆ ఆశ దాటిపోయేదాకా.

మానేసినవాళ్ళు మళ్ళీ చేసేవారు కారు. చెయ్యకూడదనే కదా మా పాట్లన్నీ. ఆ మధ్య పలాస స్టేషన్లో కళావతి ఎదురై, తల తిప్పుకుని వెళ్ళిపోయింది. నన్ను చూస్తే చుట్ట గుర్తొస్తుందని ఎవరితోనో అందట. సంతోషించాల్సిన సంగతి. ఇంటికొచ్చి సంతోషించడానికే కూర్చున్నాను. ఎంతసేపున్నా ఇల్లు చప్పుడు చెయ్యలేదు.

నా బ్యాంకు డబ్బు ఆ ఫోను బిల్లుకే వాడాలి. ఫోను ఇందుమతమ్మ ఇంటికి మార్పించాలి, నంబరు మారకూడదు. మోగితే ఎత్తాలి. అవతలి మనిషి ఏమీ మాట్లాడకపోయినా పెట్టెయ్యకూడదు. కొందరికి ఇవతల ఊపిరి వినబడితే చాలు.

చదువుకుని, సరిగ్గా ఉందనుకుని, సాక్షుల ఎదుట చేసిన సంతకం.

కాశీబుగ్గ, 14 జూన్ 2007
(సం.) బమ్మిడి కూర్మయ్య

సాక్షులు:
గేదెల చిట్టిబాబు, ఫొటో స్టూడియో, పలాస
తామాడ ఉమామహేష్, దస్తావేజు లేఖరి, టెక్కలి