లయ నిలిచింది నాయనా

నాయనా,

నువ్వు పోయి నేటికి నాలుగేళ్లు. ఈ ఉత్తరం నువ్వు చదవవని తెలుసు. అయినా ఈ సంగతి ముందు నీకే చెప్పాలనిపించింది.

ఆరేళ్ల కిందట నా గుండె వాల్వు మార్చేటప్పుడు, తప్పిన లయను కూడా సరిచేయమని పట్టుబట్టింది నువ్వే. గుండె పైగది బాగా సాగిపోయిందనీ, సరిచేసినా లయ ఎక్కువ కాలం నిలవకపోవచ్చనీ పెద్ద డాక్టరు చెప్పాడు. నువ్వు లేచి నిలబడి, "నిలిచినన్నాళ్లు నిలవనీ సార్. మీరు చెయ్యండి" అన్నావు.

అన్న మాత్రం ఆ డాక్టరు మాటే పట్టుకున్నాడు. "గుండె మళ్లా ఎప్పుడు లయ తప్పుతాదో ఏమో. కాణిపాకంలో టెంకాయల అంగడి మూసేసి ఇంట్లో కూసో" అని ఇన్నేళ్లూ పోరు పెట్టాడు.

ఈ పొద్దున తిరుపతి ఆసుపత్రిలో, నిన్నంతా నా ఒంటికి కట్టి ఉంచిన, గుండె లయను రాసే మిషన్ కాగితాలను డాక్టరమ్మ చూసింది. "ఒక్కసారి కూడా లయ తప్పలేదమ్మా. ఇన్నేళ్లు నిలుస్తుందని మేమనుకోలేదు. ఇకముందు సంగతి మాత్రం చెప్పలేం" అంది.

"తప్పినప్పుడు వస్తాను మేడమ్. అంతవరకు భయపడతా కూసునేది నా వల్ల కాదు" అన్నాను.

బయటికి రాగానే అన్న అందుకున్నాడు. "వింటివా? ఆయమ్మే చెప్పలేమనింది."

ఇద్దరం బస్సెక్కాం. కాణిపాకంలో బస్సు దిగి, ఖాళీగా ఉన్న పక్క అంగడిని కూడా అద్దెకు తీసుకున్నాను. రెండింటికీ కలిపి పెద్ద బోర్డు రాయమని పెయింటరును పిలిపించాను. అతను అన్న వైపు తిరిగి, ఎవరి పేరు రాయాలని అడిగాడు.

"అంగడి నాది. నన్నడుగప్పా" అన్నాను.